పాటకీ పాటకీ మధ్య ఏడు సెకన్లు

మొన్నామధ్య నందిగామ వెళ్ళినప్పుడు పిన్ని వాళ్ళింట్లో బీరువా మీద ఒక అట్టపెట్టె దొరికింది. అందులో పాత శుభలేఖలు, ఆగిపోయిన గోడగడియారం ఒకటి, ఒక వీహెచ్ఎస్ క్యాసెట్. క్యాసెట్ వీపు మీద స్కెచ్ పెన్నుతో పిన్ని పేరు, బాబాయ్ పేరు, 1993 అని రాసుంది. వాళ్ళ పెళ్ళి క్యాసెట్. వీసీఆర్ మూలపడ్డాక దాన్ని చూసినవాళ్ళు లేరు.

"నువ్వు సాఫ్ట్‌వేరే కదరా, దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టు" అంది పిన్ని. సాఫ్ట్‌వేర్ వాడికి ప్రింటర్ బాగుచెయ్యటం దగ్గర్నుంచి టీవీకి ఛానెళ్ళు పెట్టటం దాకా అన్నీ వచ్చని మనవాళ్ళకి గట్టి నమ్మకం. నేను రాసేది బ్యాంకుల బ్యాకెండ్ కోడు పిన్నీ అంటే వినే రకం కాదు. సరేలే అని బ్యాగులో పడేసుకున్నా. గేటు దాకా వచ్చి అప్పుడు చెప్పింది అసలు సంగతి: "అందులో అమ్మ ఉంటుందిరా. ఒక్కసారి అమ్మ మాట వినాలనుంది."

అమ్మమ్మ పోయింది 2001లో. అప్పటికి మా ఎవరి చేతుల్లోనూ సెల్‌ఫోను లేదు, ఉన్నా అందులో రికార్డింగు లేదు. ఫోటోలు ఒక పది ఉన్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఉంటే గింటే ఈ మూడు గంటల క్యాసెట్లోనే ఉండాలి.

తెలిసినాయన దగ్గర వీసీఆర్ అరువు తెచ్చి, యూఎస్బీ క్యాప్చర్ డబ్బా ఒకటి కొని, ఒక శనివారమంతా కూర్చుని ఎక్కించాను. అమ్మమ్మ పదకొండు చోట్ల కనిపించింది. నాలుగు చోట్ల మాట్లాడుతోంది, పెదాలు కదులుతున్నాయి, చెయ్యి ఊపుతోంది. వినిపించేది మాత్రం సినిమా పాట. మూడు గంటలూ అంతే. గణపతి పూజ నుంచి అప్పగింతల దాకా ఒక పాట తర్వాత ఇంకో పాట. దాన్నే మావైపు 'మిక్సింగ్' అంటారు.

ఆ మాటల్ని వెతకబోయి నేను వీడియో ఎడిటింగ్ నేర్చుకున్నాను. ఆ వంకన దాని చరిత్ర కూడా కొంత చదివాను. చదివాక ఒక విషయం బాగా అర్థమయింది. ఎడిటింగ్ అంటే కత్తిరించటం అనుకుంటాం కదా. దాంట్లో మొదటి పాఠం అది కాదు. అసలుని ముట్టుకోకపోవటం మొదటి పాఠం. ఈ పాఠం సినిమావాళ్ళకి మొదట్నుంచీ తెలుసు, మన వీడియో క్యాసెట్ల కాలంలో పోయింది, కంప్యూటర్ వచ్చి మళ్ళీ చేతికిచ్చింది. ఇప్పుడు మనం మళ్ళీ పోగొట్టుకుంటున్నాం. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇక కొంచెం వివరంగా.

కత్తిరించటం అనేది పుట్టకముందు కథ చెప్పాలంటే అంతా ఒకే బొమ్మలో ఇరికించాల్సి వచ్చేది. దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన మాంధాత శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రెండువేల ఏళ్ళ నాటి రాయి. చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం అన్నీ ఆ ఒక్క పలకలోనే. చూసేవాడి కళ్ళే ఒక్కో దాని దగ్గరకీ వెళ్ళాలి. 1895లో లూమియేర్ సోదరులు చూపించిన సినిమాలూ అలాంటివే. కెమెరా ఒకచోట పెట్టి, రీలు అయిపోయేదాకా తిప్పటం. ఒక్కో సినిమా ఒక్క షాటు, నిమిషం లోపే.

తర్వాత పదేళ్ళలో కోత పుట్టింది. 1903లో ఎడ్విన్ పోర్టర్ 'ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ'లో ఒకచోట దొంగల్ని చూపించి, ఇంకోచోటికి దూకి, మళ్ళీ దొంగల దగ్గరకి వచ్చాడు. జనం తికమక పడలేదు, కథ అర్థమయింది. ఆ తర్వాత రష్యాలో కులెషోవ్ ఇంకో అడుగు వేశాడు. ఒకే నటుడి ఒకే మొహం పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఇంకోసారి శవపేటిక అతికిస్తే, చూసినవాళ్ళు మొదటిదాంట్లో ఆకలి ఉందనీ రెండోదాంట్లో దుఃఖం ఉందనీ అనుకున్నారట. మొహం మారలేదు, పక్కనున్న ముక్క మారింది. ఎడిటింగ్ అనే విద్య మొత్తం ఈ ఒక్క పాయింటు మీద నిలబడి ఉంది.

మనకిక్కడ కావాల్సింది ఆ విద్య కన్నా ఆ పని జరిగిన పద్ధతి. ఫిల్మ్ కెమెరాలో తయారయ్యేది నెగటివ్. ఎడిటర్ దాన్ని ముట్టుకోడు. ల్యాబులో దాన్నుంచి ఒక పాజిటివ్ కాపీ వేస్తారు, దాన్ని రష్ ప్రింట్ అంటారు. కత్తెర పడేదీ, అతుకులు పడేదీ, గీతలు పడేదీ అంతా ఆ కాపీ మీదే. 1924లో వచ్చిన మూవియోలా లాంటి యంత్రాల్లో దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తూ, తీసేసిన ముక్కల్ని గుడ్డ సంచి వేలాడేసిన స్టాండుకి తగిలించేవాళ్ళు. ఆ స్టాండు పేరు బిన్. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లో క్లిప్పులు పెట్టుకునే చోటుకి 'బిన్' అనే పేరు వచ్చింది అక్కణ్ణించే. రీసైకిల్ బిన్ అనుకుని నేను మొదట్లో దాంట్లో ఏమీ పెట్టలేదు :)

రష్ ప్రింట్ మీద అంతా ఖరారయ్యాక, ఫిల్మ్ అంచు మీద ఉండే నంబర్లు చూసుకుంటూ అదే ప్రకారం నెగటివ్‌ని ఒకే ఒక్కసారి కోస్తారు. 35 ఎమ్ఎమ్ ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పోతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. అంత పొడుగు సరుకులో ఒక్క ఫ్రేము తప్పు కోస్తే మళ్ళీ రాదు కాబట్టి అంత జాగ్రత్త.

ఈ జాగ్రత్త ఎందుకు పనికొస్తుందో మన 'మాయాబజార్' చూస్తే తెలుస్తుంది. 1957 సినిమా. ఎడిటర్లు సి.పి. జంబులింగం, జి. కల్యాణసుందరం. ఎస్వీఆర్ డైలాగులు అప్పజెప్పేవాళ్ళలో కూడా ఈ రెండు పేర్లు చెప్పగలిగేవాళ్ళు తక్కువ, అది వేరే సంగతి. ఆ సినిమాని 2010లో హైదరాబాదులో గోల్డ్‌స్టోన్ వాళ్ళు రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. రంగులు నచ్చినవాళ్ళున్నారు, నచ్చనివాళ్ళున్నారు. కానీ ఆ పని మొదలుపెట్టటానికి 53 ఏళ్ళ తర్వాత కూడా చేతిలో సినిమా మిగిలి ఉండాలి కదా. ఉంది కాబట్టే కుదిరింది.

ఇప్పుడు టేపు కథ. 1956లో ఆంపెక్స్ కంపెనీ మొదటిసారి పనికొచ్చే వీడియో టేప్ రికార్డరు చూపించింది. రెండంగుళాల వెడల్పు టేపు. ఫిల్ముకీ దీనికీ పెద్ద తేడా ఏంటంటే, ఫిల్ము కంటికి ఎదురుగా పెట్టుకుంటే బొమ్మ కనపడుతుంది, టేపు మీద ఏమీ కనపడదు. దాంతో మొదట్లో ఎడిటర్లు ఇనుప పొడి కలిపిన ద్రావకం టేపు మీద పూసి, అయస్కాంత గీతలు పైకి తేలాక, మైక్రోస్కోపులో చూస్తూ బ్లేడుతో కోసేవాళ్ళు! టూల్‌బార్లో బ్లేడు బొమ్మ చూసినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు. తర్వాత కొయ్యటం మానేసి, ఒక టేపు నుంచి ఇంకో టేపుకి కావాల్సిన ముక్కలు వరసగా కాపీ చేసుకోవటం మొదలుపెట్టారు. దీన్నే లీనియర్ ఎడిటింగ్ అంటారు.

మన భాషలో చెప్పాలంటే టేపు అనేది చివర అతికించుకుంటూ పోవటానికి మాత్రమే పనికొచ్చే ఫైలు. మధ్యలో ఇంకో ముక్క దూర్చటం కుదరదు. పదో నిమిషంలో ఒక షాటు మర్చిపోయావనుకోండి, రెండు దార్లున్నాయి. అక్కణ్ణించి మొత్తం మళ్ళీ రికార్డు చెయ్యాలి. లేదా ఇప్పటిదాకా చేసినదాన్నే ఇంకో టేపుకి కాపీ చేస్తూ మధ్యలో దూర్చాలి. కాపీ చేసిన ప్రతిసారీ బొమ్మ కాస్త అలుక్కుపోతుంది. వీహెచ్ఎస్‌లో అయితే రెండో కాపీకే తేడా తెలుస్తుంది, మూడో కాపీకి చీరల అంచులు కరిగి మొహాల మీదకి కారతాయి.

జేవీసీ కంపెనీ 1976లో జపాన్లో వీహెచ్ఎస్ మొదలుపెట్టింది. మన దేశంలో కలర్ టీవీ వచ్చింది 1982 ఆసియా క్రీడలప్పుడు. ఆ దశాబ్దంలోనే వీసీఆర్లు ఊళ్ళలోకి దిగాయి, ఆ వెనకే పెళ్ళి వీడియోలు. పానసోనిక్ వాళ్ళ భుజం మీద పెట్టుకునే కెమెరా, దాని పక్కన వెయ్యి వాట్ల లైటు పట్టుకుని ఒక పిల్లాడు, వాడి వెనకాల వైరు మోసుకుంటూ ఇంకో పిల్లాడు. మా చిన్నప్పుడు పెళ్ళికొడుకు కన్నా వీళ్ళ వెనకాలే ఎక్కువ తిరిగేవాళ్ళం.

పిన్ని పెళ్ళికి మిక్సింగ్ చేసినాయన పేటలోనే ఉన్నాడని తెలిసి వెళ్ళాను. జగ్గయ్యపేటని మావైపు పేట అంటేనే తెలుస్తుంది. ఇప్పుడు ఆయన వీడియోలు మానేసి ఫ్లెక్సీలు వేస్తున్నాడు. నేను క్యాసెట్ సంగతి చెప్పగానే నవ్వి కుర్చీ లాగాడు.

"రెండు వీసీఆర్లు, మధ్యలో మిక్సరు, పక్కన టేప్‌రికార్డరు. అంతే బాబూ మన స్టూడియో. పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని రాత్రంతా కూర్చునేవాణ్ణి. వేలు లేటయితే ఒక అక్షింత ఎక్కువ పడేది" అన్నాడు.

"మరి పాటలెందుకండీ అన్ని పెట్టారు?"

"మాటలు పెడితే మీవాళ్ళు ఊరుకునేవాళ్ళా? కెమెరా మైకులో ముందు పడేది జనరేటరు చప్పుడు. ఆ తర్వాత మైకు సెట్టు. ఆ తర్వాత మా లైటు కుర్రాడి మీద నేను వేసే కేకలు. పాటల్లేకుండా ఇస్తే ఇదేం మిక్సింగ్ అని డబ్బులాపేవాళ్ళు. ఏ పాటలు కావాలో లిస్టు రాసిచ్చింది కూడా మీ ఇంటోళ్ళే."

అది నిజమే. లిస్టు రాసింది మా మావయ్యట, తర్వాత ఒప్పుకున్నాడు.

"కెమెరాలో తీసిన అసలు క్యాసెట్లు?" అని అడిగా, ఆశ చావక.

ఆయన నా వైపు కాస్త జాలిగా చూశాడు. "వాటి మీద తర్వాతి పెళ్ళి తీసేవాళ్ళం బాబూ. ఖాళీ క్యాసెట్ కొనటమంటే అప్పట్లో మాటలా? ఒక్కో దాని మీద నాలుగైదు పెళ్ళిళ్ళు తీసేవాళ్ళం, టేపు నలిగిపోయేదాకా."

ఆయన్ని తప్పు పట్టబుద్ధి కాలేదు. ఆయన లెక్క ఆయనది. కానీ ఏం జరిగిందో చూడండి. సినిమావాళ్ళ దగ్గర నెగటివ్ ఒకటి, పనిచేసే కాపీ ఒకటి విడివిడిగా ఉన్నాయి. మన పెళ్ళి వీడియోకి వచ్చేసరికి కాపీయే అసలైపోయింది, అసలు చెరిగిపోయింది. మన మాటల్లో, బిల్డ్ చేసి ఎక్జిక్యూటబుల్ కస్టమర్ చేతిలో పెట్టి, సోర్స్ కోడు ఉన్న డిస్కుని ఫార్మాట్ చేసి తర్వాతి ప్రాజెక్టుకి వాడుకోవటం. ఏ కంపెనీలోనైనా ఈ పని చేస్తే సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. మన రాష్ట్రంలో పదిహేనిరవై ఏళ్ళ పాటు పెళ్ళిళ్ళన్నీ దాదాపు ఇలాగే భద్రపరిచాం.

ఇక కంప్యూటర్. టేపు బాధ తప్పించాలన్న ఆలోచన పాతదే. 1971లోనే సీఎమ్ఎక్స్ 600 అనే యంత్రం వచ్చింది. టేపులో ఉన్నదాన్ని నాసిరకం బ్లాక్ అండ్ వైట్ కాపీగా డిస్కుల్లోకి ఎక్కించి, ఎక్కడ కావాలంటే అక్కడికి దూకుతూ ఎడిట్ చేసి, చివర్లో ఆ నిర్ణయాల జాబితా ప్రకారం అసలు టేపుల నుంచి ఫైనల్ తయారుచెయ్యటం. గమనించారా, ఇది మళ్ళీ ఆ రష్ ప్రింట్ పద్ధతే. కాకపోతే కత్తెర స్థానంలో ఒక జాబితా వచ్చింది. ఏ టేపు, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు. దీన్ని ఎడిట్ డెసిషన్ లిస్ట్ అంటారు.

అది అందరికీ అందే ధరలో లేదు. 1989లో ఆవిడ్ వచ్చింది, 1991లో అడోబీ ప్రీమియర్. మొదటి ప్రీమియర్ రాసిన ర్యాండీ యుబిలోసే తర్వాత ఫైనల్ కట్ మొదలుపెట్టాడు, దాన్ని 1999లో ఆపిల్ విడుదల చేసింది. 1996 సినిమా 'ది ఇంగ్లిష్ పేషెంట్'కి వాల్టర్ మర్చ్ ఆవిడ్ మీద ఎడిటింగ్ చేసి ఆస్కార్ కొట్టాక, కంప్యూటర్ మీద చేసింది కళ కాదు అనేవాళ్ళు కాస్త తగ్గారు.

మావైపు స్టూడియోల దాకా ఇది రావటానికి ఇంకో రెండు కావాల్సి వచ్చాయి. ఒకటి 1995లో వచ్చిన డీవీ ఫార్మాట్, అంటే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే మినీ డీవీ క్యాసెట్లు. రెండోది దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే ఫైర్‌వైర్ తీగ. ఇందులో కాపీకీ అసలుకీ తేడా ఉండదు, అంకెలే కాబట్టి. కానీ గంట డీవీకి 13 జీబీ కావాలి. 2000 ప్రాంతంలో 20 జీబీ డిస్కుంటే గొప్ప. పైగా విండోస్ 98లో ఒక్క ఫైలు 4 జీబీ దాటటానికి లేదు, అంటే పంతొమ్మిది నిమిషాలకొక ముక్క. కెనోపస్ కార్డులు, ఎడియస్ సాఫ్ట్‌వేరూ పెళ్ళి స్టూడియోల్లోకి వచ్చింది ఆ దశాబ్దంలోనే. పేట ఆయన ఆ రోజుల గురించి చెప్పింది ఒక్క ముక్క: "రెండర్ పెట్టి భోజనానికెళ్ళేవాణ్ణి. వచ్చేసరికి కరెంటు పోయుండేది."

నేను నేర్చుకున్నది కేడెన్‌లైవ్ మీద. ఉచితం, ఓపెన్ సోర్స్, లైనక్స్ మీదా విండోస్ మీదా నడుస్తుంది. డావించీ రిసాల్వ్‌కి కూడా ఉచిత వెర్షన్ ఉంది, కాస్త బలమైన గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఏదైనా మొదటి వారం పడే తిప్పలు ఒకటే. నావి చెప్తాను, మీకు పనికొస్తాయి.

మొదట ప్రాజెక్టుని 30 ఫ్రేములకి పెట్టాను. మన పాత టీవీ పద్ధతి పాల్, అంటే సెకనుకి 25. ఈ తేడా వల్ల మనుషులు తడబడుతూ నడిచారు. రెండోది, పాత వీడియోలో ఒక్కో ఫ్రేముని సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు చేసి పంపేవాళ్ళు. దాన్ని సరిచెయ్యకపోతే చెయ్యి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్ళు కనపడతాయి. దానికి డీఇంటర్లేస్ అని ఒక టిక్కు ఉంటుంది. మూడోది, 4:3 బొమ్మని ఇప్పటి వెడల్పు తెరకి సాగదీశాను. బాబాయ్ ఇప్పుడెంత లావున్నాడో 1993లోనే అంత లావు కనిపించాడు :)

ఆ తర్వాత అసలు పని. ప్రతి ముక్కకీ ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అని రెండు గుర్తులు పెట్టటం, వాటిని టైమ్‌లైన్ మీద వరసగా పేర్చటం. ఎఫెక్టులు చూస్తే చిన్నపిల్లాడికి మిఠాయికొట్టు చూపించినట్టుంటుంది. నా మొదటి ప్రయత్నంలో గుండె ఆకారాలూ, పేజీ తిప్పటాలూ కలిపి పద్నాలుగు రకాలు వాడాను. తర్వాత చూసుకుంటే తాళి కట్టే క్షణం మీద ఒక గుండె తిరుగుతూ వచ్చి పడింది, ముడి కనపడలేదు. అన్నీ పీకేసి మామూలు కోతలు పెట్టాను. ఇంకో పాఠం, మాట ముందు వినిపించి మనిషి తర్వాత కనిపిస్తే కోత తెలియకుండా పోతుంది. బొమ్మనీ శబ్దాన్నీ ఒకేచోట కొయ్యక్కర్లేదు.

కుతూహలం కొద్దీ ఆ ప్రాజెక్టు ఫైలుని టెక్స్ట్ ఎడిటర్లో తెరిచాను. ఎక్స్ఎమ్ఎల్! పది జీబీల వీడియో మీద నేను రెండు వారాలు పడ్డ పాట్లన్నీ కొన్ని వందల కిలోబైట్లు. ఫలానా ఫైల్లో ఫలానా ఫ్రేము నుంచి ఫలానా ఫ్రేము దాకా. అంతే. నేను 'కోసిన' వీడియోలో ఒక్క బైటు కూడా మారలేదు. టైమ్‌లైన్ అంటే పాయింటర్ల జాబితా, రెండర్ అంటే కంపైల్. ఫోల్డరు పేరు మార్చారనుకోండి, ఫైలు కనపడటం లేదని ఏడుస్తుంది, అదే తెగిన పాయింటరు. 1971 నాటి ఆ జాబితా ఇదే. అంతకు ముందు నెగటివ్ అంచు మీద నంబర్లూ ఇవే. అసలుని పక్కన పెట్టి, నిర్ణయాలు మాత్రం వేరే రాసుకోవటం.

సరే, అమ్మమ్మ సంగతి. ఇప్పుడు పాటనీ మాటనీ విడదీసే ఏఐ పనిముట్లు ఉన్నాయి కదా అని మీరు అనొచ్చు. ప్రయత్నించాను. బాగానే పనిచేస్తాయి, మాట అనేది అడుగున ఉంటే. మిక్సరు మీద కెమెరా శబ్దం మీటని సున్నాకి లాగేసి పాట పెడితే అడుగున ఏమీ ఉండదు. విడదీస్తే సినిమా గాయకుడి గొంతే శుభ్రంగా వచ్చింది.

వదిలేద్దామనుకున్న రోజున టైమ్‌లైన్ మీద శబ్దం గీత చూస్తూ కూర్చున్నాను. పాట ఉన్నంతసేపూ గీత గడ్డిమేటులా దట్టంగా ఉంటుంది. రెండో గంటలో ఒకచోట సన్నబడింది. పాట అయిపోయింది, తర్వాతి పాట ఇంకా మొదలవ్వలేదు. పేట ఆయన ఆడియో క్యాసెట్ మారుస్తున్నాడన్నమాట. ఆ కాసేపూ నిశ్శబ్దంగా ఉండకూడదని కెమెరా శబ్దం మీట పైకి తోసినట్టున్నాడు. ఏడు సెకన్లు. 175 ఫ్రేములు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వటం. తర్వాత అమ్మమ్మ: "ఆ లైటు పట్టుకున్న పిల్లాడికి కాసిని మజ్జిగియ్యండే. పొద్దుట్నుంచీ నుంచునే ఉన్నాడు." వెంటనే తర్వాతి పాట.

అది పిన్నికి పంపాను. గంట దాకా జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసి, "అమ్మ గొంతు ఇంత సన్నంగా ఉండేదట్రా? నేను లావుగా ఉండేదనుకున్నా" అంది. ముప్పై ఏళ్ళలో తన జ్ఞాపకం గొంతుని మార్చేసింది. దాన్ని సరిచెయ్యటానికి మిగిలిన సాక్ష్యం ఆ ఏడు సెకన్లే.

ఇప్పుడు నా బాధ ఏంటంటే, అప్పుడు టేపు ఖరీదు కాబట్టి చెరిపారు. ఇప్పుడు డిస్కు చవకైనా చెరుపుతున్నాం. మొన్న కజిన్ పెళ్ళికి డ్రోన్లతో సహా మూడు రోజులు తీశారు. ఇంటికొచ్చింది నాలుగు నిమిషాల టీజరు, రెండు గంటల ఫైనలు ఉన్న పెన్‌డ్రైవు. అసలు ఫైళ్ళు అడిగితే, రెండు నెలలయింది సార్, డిలీట్ చేశాం అన్నారు. ఆ ఫైనల్లో కూడా మాటల్లేవు, పాటలే. వాళ్ళనని ఏం లాభం? ఒప్పందంలో ఆ మాట మేం రాయలేదు, ఎవరూ అడగలేదు.

పాత క్యాసెట్లకి అసలే టైము లేదు. టేపు మీద పూత రాలిపోతుంది, బూజు పడుతుంది. అంతకన్నా ముందు తిప్పే యంత్రాలు పోతున్నాయి. ఫునాయ్ కంపెనీ 2016లో వీసీఆర్ల తయారీ ఆపేసింది. 2019లో యునెస్కో, శబ్ద సంగ్రహాలయాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కలిసి అయస్కాంత టేపుల గురించి ఒక హెచ్చరిక మొదలుపెట్టాయి, 2025 తర్వాత చాలాచోట్ల ఇవి ఎక్కించటం కుదరకపోవచ్చని. ఆ ఏడూ దాటిపోయింది.

కాబట్టి మీకు చెప్పేది నాలుగు ముక్కలు. బీరువాల మీద, అటకల మీద క్యాసెట్లుంటే ఈ పండక్కే దింపండి. ఎక్కించాక క్యాసెట్ పారెయ్యొద్దు, రేపు ఇంకా మంచి యంత్రం దొరకొచ్చు. ఎక్కించిన మొదటి ఫైలుని అలాగే రెండు వేర్వేరు చోట్ల పెట్టి, ఎడిటింగ్ ఏదైనా పక్కన చెయ్యండి. ఇంట్లో పెళ్ళయితే, అసలు ఫైళ్ళు కావాలని అడ్వాన్సు ఇచ్చేముందే అడగండి, ఒక హార్డ్ డిస్కు మీరే కొనివ్వండి. పాటలు పెట్టుకుంటే పెట్టుకోండి గానీ, మాటలతో ఉన్నది ఇంకోటి ఉంచుకోండి.

కోడు విషయంలో ఇవన్నీ మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరేళ్ళ కిందట రాసిన పిచ్చి స్క్రిప్టు కూడా రిపాజిటరీలో భద్రంగా ఉంటుంది మనకి. అమ్మమ్మే లేదు.

అన్నట్టు, పేట ఆయనకి ఆ ఏడు సెకన్లు వినిపించాను. ఆయన రెండుసార్లు విని, "మజ్జిగిచ్చారో లేదో" అన్నాడు. క్యాసెట్లో ఆ తర్వాత పాటే ఉంది.